ఊరి సొమ్ము - లెక్కల సెక్షను

(వట్లూరులో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)

 

కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "మీరు మునిసిపాలిటీల్లో లెక్కల పని చేసి రిటైరైనవారు గదా, సీనియర్ అకౌంటెంటు ఉద్యోగమంటే ఏమిటో మన పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. "అది వినడానికి ఎవరొస్తారండీ?" అన్నాము. "భోజనాలు వున్నాయని చెప్పాం లెండి, వస్తారు" అన్నారాయన. కనుక దేగిశాల మూతలు తీసేలోపల ముగించే పూచీ మాది. మేము అంటే ఒక్కరమని అనుకోవద్దు. ఆ సెక్షన్లో మాతోపాటు కుర్చీలు అరగదీసిన వారందరి తరపునా మాట్లాడుతున్నాము.

మునిసిపల్ ఆఫీసు అనగానే జనానికి గుర్తొచ్చేది కమిషనరు. ఆ తర్వాత ఇంటిపన్నుకు వచ్చే బిల్లు కలెక్టరు, మురికి కాలువ దగ్గర కనబడే శానిటరీ ఇన్‌స్పెక్టరు. లెక్కల సెక్షను బీరువాల వెనకాల ఎక్కడో వుంటుంది. అక్కడికి వచ్చే మనిషి ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని వస్తాడు: "నా డబ్బు ఎప్పుడొస్తుందండీ?" కంట్రాక్టరూ అదే అడుగుతాడు, రిటైరైన వాటర్ మేనూ అదే అడుగుతాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరైనా వచ్చి "మా ఊరి డబ్బు ఎలా వుందండీ?" అని అడిగిన జ్ఞాపకం మాకు లేదు. ఈవేళ చెప్పదలచుకున్నది ఆ రెండో ప్రశ్న గురించే.

మన ఇళ్ళలో లెక్కల ఉద్యోగమంటే "అది మనది కాదు, కరణాల పని" అనే భావం వుండేది. 1984లో కరణీకాలు పోయినా ఆ భావం పూర్తిగా పోలేదు. ఒక్కసారి ఆలోచించండి. జమ, బాకీ, వసూలు అరబ్బీ నుంచి వచ్చాయి. ఖర్చు, రసీదు పారసీ. ఖజానా, దాఖలా, నకలు, జామీను, అన్నీ ఆ దారిన వచ్చినవే. రెవిన్యూవారు జూలై నుంచి జూను దాకా లెక్కకట్టే ఫసలీ సంవత్సరమూ అంతే. ఇవాళ అవి పచ్చి తెలుగు మాటలు. కైకలూరు సంతలో ఆశీలు వసూలు చేసేవాడికి బాకీ అనే మాట ఎక్కడిదో అక్కర్లేదు, బాకీ తీరితే చాలు. పాత కాగితాల్లో ఇంకొక మాట వుండేది, అమానతు. ఒకరి సొమ్ము ఇంకొకరి దగ్గర జాగ్రత్తకోసం వుంచితే అది అమానతు. ఇప్పటి ఆఫీసుల్లో దాన్ని డిపాజిట్ అంటున్నారు, టెండరు వేసేవాడు ముందు కట్టేదాన్ని ధరావతు అంటున్నారు. అమానతు అంటే ఏమిటో మన ఇళ్ళలో పెద్దలు వేరే చెప్పనక్కర్లేదు. మునిసిపాలిటీ పెట్టెలో వున్న డబ్బులో చాలా భాగం అటువంటిదేనని మాత్రం చాలామందికి తెలియదు. మునిసిపాలిటీవారిలోనే చాలామందికి తెలియదు!

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పి పోతాము. ఏలూరు పురపాలక సంఘం 1866లో ఏర్పడింది, 2005లో నగరపాలక సంస్థ అయింది. పల్లెల సంగతికొస్తే, 1959 నవంబరు 1న మన రాష్ట్రంలో పంచాయితీ సమితులూ జిల్లా పరిషత్తులూ మొదలయ్యాయి. 1986-87లో సమితులు పోయి మండలాలు వచ్చాయి. 1993లో 73, 74 రాజ్యాంగ సవరణలు అమలులోకి వచ్చాక, కేంద్ర ఆర్థిక సంఘం సొమ్ము ఊళ్ళ పేరున రావడం మొదలైంది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు కొత్త జిల్లా అయి, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరిలో వుండిపోయింది. ఇవన్నీ పత్రికలవారికి వార్తలు. లెక్కల సెక్షనుకు మాత్రం ఒక్కొక్క మార్పుకూ కొత్త ఖాతా, కొత్త రిజిస్టరు, కొత్త తలనొప్పి.

ఇప్పుడు పని ఎలా వుంటుందో చెబుతాము. ఒక వీధిలో సిమెంటు రోడ్డు వేశారనుకోండి. ఇంజనీరు కొలతలు తీసి ఎం.బుక్‌లో రాస్తాడు, పై ఇంజనీరు తనిఖీ చేస్తాడు, బిల్లు తయారై మా బల్ల మీదకు వస్తుంది. అయిదు లక్షల బిల్లు అనుకుందాం, జి.ఎస్.టి. పైన కలిపే సంగతి పక్కన పెడదాం. రోడ్డు పాడైతే బాగుచేయించడానికి జామీనుగా ఏడున్నర శాతం ఆపితే 37,500. ఆదాయపు పన్ను ఒక శాతం, 5,000. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సుంకం ఒక శాతం, ఇంకొక 5,000. జి.ఎస్.టి. కింద ఆపేది రెండు శాతం, 10,000. వెరసి 57,500 పోగా కంట్రాక్టరు చేతికి 4,42,500. గ్రావెలు, కంకరల మీద సీనరేజి వేరే.

కంట్రాక్టరు ఇది చూసి "ఏవండీ, ఇంత కోసేశారేమిటి?" అంటాడు. కోయడం పెద్ద పని కాదు, ఈ రోజుల్లో కంప్యూటరే కోస్తుంది. ఆ కోసిన 57,500 ఇప్పుడు ఎవరిది? మునిసిపాలిటీది మాత్రం కాదు. 37,500 గడువు తీరాక కంట్రాక్టరుకే తిరిగి పోవాలి. 5,000 కేంద్ర ప్రభుత్వానిది. ఇంకొక 5,000 ఎండలో తట్టలు మోసే కూలీల సంక్షేమానిది. కాని బ్యాంకులో ఆ డబ్బంతా ఒకే ఖాతాలో కలిసి పడివున్నచోట, పాసుబుక్కు చూసిన ఛైర్మనుగారికి అంతా ఒకటే మొత్తంగా కనబడుతుంది. "ఇంత డబ్బు పెట్టుకుని లేదంటారేమిటయ్యా?" అని ఆయన గద్దిస్తాడు. లేదండీ, అది మనది కాదండీ అని చెప్పవలసినవాడు సీనియర్ అకౌంటెంటు. ఉద్యోగం అంతా ఆ ఒక్క మాటలో వుంది. మిగతాది కూడికలూ తీసివేతలూ.

ఇంటిపన్ను సంగతే చూడండి. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకం వుంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం అది వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వాలి. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లుంటే 80 రూపాయలు పుస్తకాలవి. ఇల్లుగలాయన కట్టేశాడు, రసీదులో ఆ అంకె వేరేగా వేసి వుంది. కాని ఆ 80 రూపాయలు గ్రంథాలయానికి చేరాయా? రాష్ట్రంలో చాలా మునిసిపాలిటీలూ పంచాయితీలూ ఈ సుంకం బాకీ పడ్డవే. లైబ్రరీకి వెళ్ళి ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లవాడు "కొత్త పుస్తకాలు లేవండీ" అని విసుక్కుంటాడు. ఆ పుస్తకం డబ్బు వాళ్ళ నాన్న కట్టిన పన్నులోనే వుండి, ఆఫీసు ఖాతాలో ఆగిపోయి వుండవచ్చునని ఆ పిల్లవాడికి ఎవరు చెబుతారు?

పల్లెల్లోనూ ఇదే తంతు. 2021లో మన రాష్ట్రంలో పంచాయితీల ఖాతాల్లో వున్న ఆర్థిక సంఘం నిధులు కరెంటు బాకీల కింద సర్దుబాటు అయినప్పుడు సర్పంచులు పార్టీలతో నిమిత్తం లేకుండా ఆందోళన చేశారు. ఏది న్యాయమో తేల్చడం మా పని కాదు. కరెంటు కంపెనీకి బాకీ వున్న మాటా నిజమే, ఆ నిధులు వేరే పనులకోసం వచ్చిన మాటా నిజమే. మేము గమనించింది ఒకటే. తన పంచాయితీకి కరెంటు బాకీ ఎంత వున్నదో ఆ సర్దుబాటు జరిగేదాకా చాలామంది సర్పంచులకు తెలియదు. ఎందుకు తెలియదంటారా? పాత పద్ధతి లెక్కల్లో బాకీ రాసే చోటే లేదు గనుక!

ఇది కొంచెం ఓపికగా వినండి. మన పాత లెక్క నగదు లెక్క. డబ్బు వస్తే జమ, పోతే ఖర్చు. రావలసిందీ ఇవ్వవలసిందీ కాష్ బుక్కులోకి ఎక్కవు. రావలసిన పన్నుకు డి.సి.బి. అనే వేరే పట్టిక వుండేది. అందులో డిమాండు అంటే రావలసింది, కలెక్షను అంటే వచ్చింది, బాలెన్సు అంటే "వచ్చే నెలలో కడతామండీ" అని నోటితో వచ్చింది. ఆ పట్టికైనా వుండేది గాని, మనం ఇవ్వవలసిన బాకీలకు అదీ లేదు. అంచేత కరెంటు బిల్లులు ఎంత కట్టకపోతే బ్యాంకు నిల్వ అంత నిండుగా కనబడేది. అప్పులు దాచుకున్న ఇంట్లో పెళ్ళి సందడిలాగ! 2004లో కేంద్రం జాతీయ మునిసిపల్ అకౌంట్సు మాన్యువల్ తెచ్చి, ప్రతి పట్టణమూ జంటపద్దు లెక్కలు రాయాలని, ఇవ్వవలసిన బాకీ ఆ రోజే అప్పుగా చూపాలని చెప్పింది. 2005 డిసెంబరులో మొదలైన జె.ఎన్.ఎన్.యు.ఆర్.ఎం. పథకం కింద డబ్బు కావాలంటే ఈ సంస్కరణ చేసి తీరాలన్నారు. ఆ జంటపద్దు కొత్తదేమీ కాదు. 1494లో వెనీసులో లూకా పచోలి అనే సన్యాసి అచ్చువేసిన గణిత గ్రంథంలోనే దాని వివరం వుంది. అది మన పురపాలక సంఘాల గుమ్మం ఎక్కడానికి అయిదు వందల ఏళ్ళు దాటిందన్నమాట.

ఎక్కిన తరువాత కూడా తంటాలే. మొదటి బాలెన్సు షీటు తయారు చేయడానికి ఊళ్ళో మునిసిపాలిటీ ఆస్తులేమిటని అడిగితే ఒక్కచోట జాబితా లేదు. దుకాణాలు ఒక రిజిస్టరులో, బడి స్థలాలు ఇంకొక సెక్షన్లో, కాలువ గట్టు మీది ఖాళీ జాగాలు ఎవరి నోటిలోనో. ఒక ఊళ్ళో ఆ జాబితా రాస్తూ రాస్తూ వుండగా మునిసిపాలిటీ దుకాణం ఒకటి బయటపడింది. అద్దె ఏళ్ళ తరబడి ఎవరో వసూలు చేసుకుంటున్నారు, ఆ ఎవరో మునిసిపాలిటీ మాత్రం కాదు. లెక్క సరిగా రాయడం వల్ల ఊరికి ఆస్తి పెరగడం చూడాలంటే ఇలాంటివే. అది మాకు చాలా సంతోషం కలిగించిన రోజు.

విదేశాల్లో అంతా సవ్యంగా వుందని మీరనుకోవద్దు. ఇంగ్లాండులో బర్మింగ్‌హాం ఎంతటి నగరమో మీకు తెలుసు, మన దేశంనుంచీ పాకిస్తాను, బంగ్లాదేశ్‌ల నుంచీ వెళ్ళినవాళ్ళు అక్కడ చాలామంది వున్నారు. 2023 సెప్టెంబరు 5న ఆ నగర కౌన్సిల్, చట్టప్రకారం చేయవలసిన అత్యవసర పనులకు తప్ప కొత్తగా ఖర్చు పెట్టలేమని నోటీసు ఇచ్చింది. కారణాల్లో ముఖ్యమైనది, ఆడవాళ్ళకు మగవాళ్ళతో సమానంగా జీతం ఇవ్వకుండా ఏళ్ళ తరబడి పేరుకున్న బాకీ. కొత్త కంప్యూటరు లెక్కల పద్ధతి కుదరక వచ్చిన చిక్కులు ఇంకొకటి. మాకు అందులో ఆశ్చర్యం కలిగించింది దివాలా కాదు, ఆ నోటీసు ఎవరు ఇవ్వాలన్న సంగతి. 1988 నాటి వారి స్థానిక ఆర్థిక చట్టం 114వ సెక్షను ప్రకారం ఆ అధికారం మేయరుది కాదు, లెక్కల ప్రధానాధికారిది. ఆయన ఆ కాగితం మీద సంతకం పెడితే కౌన్సిల్ 21 రోజుల్లో సమావేశం కావాలి, అప్పటిదాకా కొత్త ఖర్చుల ఒప్పందాలు ఆగిపోవాలి.

మన దగ్గర సీనియర్ అకౌంటెంటుకు వున్న ఆయుధం ఏమిటి? ఫైలు ఎడమవైపు నోటు రాసే హక్కు. "పై సొమ్ము ఉద్యోగుల పెన్షను వాటాకు చెందినది గనుక సాధారణ ఖర్చులకు వాడరాదని మనవి" అని రాస్తాము. పై అధికారి దాని కింద "చర్చించండి" అని రాస్తాడు. చర్చిస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అయినా ఆ నోటు చిన్నది కాదు. అది ఎంత పని చేస్తుందో మా కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెబుతాము. ఊరి పేరు అక్కర్లేదు.

పారిశుధ్య పనివారి జీతాల్లో నెలనెలా భవిష్యనిధికి కోత పడుతోంది. జీతాల బిల్లులో కోత చూపుతున్నారు, చెక్కు మాత్రం పోవటం లేదు. జనరల్ ఫండ్‌లో డబ్బు లేదని ఆ సొమ్మును "ఈ నెలకి" అంటూ వేరే బిల్లులకు వాడేశారు. ఆ నెల ఎప్పటికీ అయిపోలేదు. పనివారిలో ఒకామె రిటైరైంది. కొంగు చివర ముడివేసిన జీతం స్లిప్పులు పట్టుకుని మా బల్ల దగ్గరకు వచ్చింది. "బాబుగారూ, పిల్ల పెళ్ళి పెట్టుకున్నాను. నా జీతంలో కోసిన డబ్బులు ఇప్పించండి" అంది. "అమ్మా, కూర్చో" అని లెడ్జరు తీసి చూస్తే ఆమె పేరు ఎదుట ఏళ్ళ తరబడి గళ్ళు ఖాళీ. కోసినట్టు జీతాల బిల్లు చెబుతోంది, జమ అయినట్టు ఎక్కడా లేదు.

అప్పుడు మేము చేసిన పని కష్టమైనదేమీ కాదు, విసుగైనది. రికార్డు గదిలో గోనె సంచుల్లో మూటకట్టిన జీతాల బిల్లులు దించాము. కొన్నిటికి చెద పట్టింది. సాయంత్రం ఆఫీసు అయ్యాక రోజుకు రెండేసి నెలలు చొప్పున, ఒక్కొక్క పనివాడి పేరున ఎంత కోశారో పట్టిక వేశాము. కోసింది ఎంత, పంపింది ఎంత, పంపనిది ఎంత, ఆ పంపనిది ఏ తేదీన ఏ వోచరు మీద దేనికి ఖర్చయింది. ఆ నాలుగో గడి నింపడానికే మాకు ఎక్కువ కాలం పట్టింది. అది నింపకుండా పైకి పంపితే "లెక్క తప్పు, మళ్ళీ చూడండి" అని తిరిగి వస్తుందని మాకు తెలుసు. పట్టిక జతచేసి నోటు పెట్టాము. "చర్చించండి" వచ్చింది. చర్చించి, జరిగిన చర్చ సారాంశం మళ్ళీ అదే ఫైల్లో రాసి మళ్ళీ పెట్టాము. మూడోసారి పెట్టేసరికి ఆడిట్‌వారు వచ్చారు. ఫైలు అడిగారు, ఇచ్చాము. వారు రాసిన అభ్యంతరం రెండు పేజీలు వచ్చింది. మా పట్టికే అందులో అనుబంధం. ఆడిట్ అభ్యంతరం బాధ్యుల స్వంత జేబులోంచి కట్టించే సర్చార్జి దాకా పోవచ్చునని తెలిశాక చెక్కుపుస్తకం దానంతట అదే తెరుచుకుంది. మూడు విడతల్లో అందరి వాటాలూ జమ అయ్యాయి.

ఆమె కూతురి పెళ్ళి మాత్రం అప్పటికే అయిపోయింది, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి చేసిందట. డబ్బు వచ్చాక ఆ అప్పులో సగానికి సరిపోయిందని చెప్పింది. మాకు ఆ రోజు అర్థమైంది, లెక్క ఆలస్యమైతే ఆ వడ్డీ ఎవరు కడతారో. ఏ బాలెన్సు షీటులోనూ ఆ అంకె రాదు.

జిల్లా పరిషత్తు బడుల్లో పనిచేసే మాస్టర్లకు ఇది కొత్త సంగతి కాదు. వారి భవిష్యనిధి లెక్కలు పరిషత్తు ఆఫీసులోనే వుంటాయి. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన ప్రభుత్వోద్యోగులది కాంట్రిబ్యూటరీ పెన్షను. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఆ ఉద్యోగులు ఎవరైనా వుంటే ఒక్క మాట. నెలకోసారి కాకపోయినా మూడు నెలలకోసారి మీ పెన్షను ఖాతా తెరిచి, కోసినది జమ అయిందో లేదో చూసుకోండి. జమ కాకపోతే వెంటనే కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో అడిగినదానికి నోటితోనే జవాబు వస్తుంది.

అకౌంటెంటు అంటే ఎప్పుడూ అడ్డుపడేవాడని కూడా అనుకోవద్దు. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో ఏం జరిగిందో మీరు మరిచిపోలేదు. వందలమంది ఉన్నట్టుండి ఫిట్సు వచ్చి పడిపోయారు, ఆస్పత్రి నిండిపోయింది, రక్తంలో సీసం, నికెల్ దొరికాయని తరవాత చెప్పారు. అటువంటి రోజుల్లో నీళ్ళ ట్యాంకర్లకూ పరీక్షలకూ మందులకూ మూడు కొటేషన్లు తెమ్మని కూర్చునేవాడు లెక్కల మనిషి కాడు, కాగితాల మనిషి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, ఆ నీరంతా కొల్లేటిలోకి దిగినప్పుడు లంక గ్రామాలవారికి కావలసింది ముందు పడవ. ఆపద ఖర్చు ఆపదలోనే చేయాలి, చట్టమూ అందుకు దారి వుంచింది. కాని ఏ ట్యాంకరు ఏ వీధికి ఎన్నిసార్లు తిరిగిందో ఆ రోజే ఒక చిత్తుకాగితం మీదైనా రాసి పెట్టించేవాడు మంచి అకౌంటెంటు. నెల తిరిగాక రాస్తే ట్యాంకర్లు వాటంతట అవే ఎక్కువసార్లు తిరుగుతాయి!

ఇక కొంచెం ఇబ్బందికరమైన మాట. మనవాళ్ళ మధ్య గనుక చెబుతున్నాము. మన పిల్లవాడు ఆ కుర్చీలో కూర్చోగానే మొదటి ఒత్తిడి పైనుంచి రాదు, ఇంటినుంచి వస్తుంది. "భాయీ, ఆ బిల్లు మన ఫలానావాడిది, కొంచెం ముందు చూడు" అని మామూ ఫోను చేస్తాడు. చాచా జుమ్మా నమాజు అయ్యాక మెట్ల దగ్గర ఆపి అడుగుతాడు. అందులో తప్పు వుందని వారికి తోచదు, మనవాడికి సాయం అనుకుంటారు. మాకూ వచ్చాయి ఆ ఫోన్లు. "చాచా, బిల్లులు వచ్చిన వరుసలో నంబరు పడుతుంది. ఆయనది పదిహేడు. పదహారోవాడూ ఎవరికో చాచానే గదా" అనేవాళ్ళం. కోపగించినవాళ్ళున్నారు. రెండు పెళ్ళిళ్ళకు మాకు శుభలేఖలు రాలేదు. పోనీండి, బిర్యానీ రెండు పూటలు తప్పింది. కాని ఆ తర్వాత వాళ్ళ పిల్లల ఇంటిపన్ను తప్పుగా పడితే మా దగ్గరకే వచ్చారు, ఎందుకంటే ఇక్కడ వరుస తప్పదని వాళ్ళకు తెలుసు. పెద్దలకు మా మనవి, పిల్లవాడికి ఉద్యోగం వచ్చిన రోజున మిఠాయి పంచండి, ఆ మర్నాటినుంచి అతని ఆఫీసు దారిన వెళ్ళకండి.

పనివేళల సంగతి కూడా దాచము. మార్చి నెల మాకు నెల కాదు. సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, ఆ రాత్రికి పాస్ కాని బిల్లు చెల్లక పోవచ్చు, వాడని గ్రాంటు వెనక్కి పోవచ్చు. 2018లో సి.ఎఫ్.ఎం.ఎస్. కంప్యూటరు పద్ధతి వచ్చాక చెలాన్ల కట్టలు మోసే పని తగ్గింది గాని, మార్చి నెల మారలేదు. 2025లో ఈదుల్ ఫితర్ సరిగ్గా మార్చి 31నే పడింది. ప్రభుత్వ లెక్కల కోసం బ్యాంకులు తెరిచి వుంచమని రిజర్వు బ్యాంకు చెప్పింది కూడా. మా తరవాతి కుర్రవాళ్ళు కొందరు ఈద్గాలో నమాజు చేసుకుని, ఇంట్లో షీర్ ఖుర్మా నిలబడే తాగి ఆఫీసుకు వెళ్ళారు. వారితో పనిచేసే హిందూ మిత్రులు "మీరు రాకండి, మేము చూసుకుంటాం" అన్నారట. ఉగాది ముందురోజే గనుక వారికీ పండుగ సరిగా జరగలేదు, అది వేరే సంగతి.

ఉద్యోగాలెలా వస్తాయన్నది పిల్లలు అడిగే ప్రశ్న. ఇక్కడ సంగ్రహంగా చెబుతాము. 2023 డిసెంబరులో ఏ.పి.పి.ఎస్.సి. ఇచ్చిన గ్రూపు-2 ప్రకటనలో ఖజానా శాఖ సీనియర్ అకౌంటెంటు, స్టేట్ ఆడిట్ శాఖ సీనియర్ ఆడిటరు వంటి పోస్టులు వున్నాయి. వాటికి ఏదైనా డిగ్రీ చాలు, బి.కాం. అయితే పనిలో చేరాక సుఖం. 2007 చట్టం ప్రకారం బి.సి.-ఇ కింద వున్న 4 శాతం వర్తించే కుటుంబాలవారు సర్టిఫికెట్టు ముందే తీసి వుంచుకోండి, ఆఖరు తేదీనాడు తహశీల్దారు ఆఫీసు ముందు నిలబడవద్దు. 1989 నుంచి మన వట్లూరులోనే సర్ సి.ఆర్. రెడ్డి ఇంజనీరింగు కాలేజీ వుంది గనుక ప్రతి ఇంట్లోనూ ఇంజనీరే కావాలంటున్నారు. కానీండి, మంచిదే. రోడ్డు వేసేవాడు కావాలి, దాని బిల్లు చూసేవాడూ కావాలి.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇది వెలుతురున్న గదిలో కూర్చుని చేసే పని, ఒక ఊళ్ళో స్థిరంగా చేసుకోదగ్గ పని అని తల్లిదండ్రులు సరిపెట్టుకుంటారేమో. మేము చెప్పేది అందుకు కాదు. మేము చూసిన సెక్షన్లలో బ్యాంకు లెక్కా ఆఫీసు లెక్కా సరిపోల్చేటప్పుడు, ఏడు రూపాయల తేడా వస్తే "పోనీ" అనకుండా ఆ ఏడు రూపాయలు దొరికేదాకా లేవనివాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే. అదే ఏడు రూపాయల వెనక ఒకసారి రెండు చెక్కులు తారుమారైన సంగతి బయటపడింది. ఇంటి ఖర్చు రాసే అలవాటు వల్లనేమో మాకు తెలియదు.

ఉద్యోగం చేయనివాళ్ళు కూడా ఊరి లెక్క చూడవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం అడిగి తీసుకోవచ్చు. 15వ ఆర్థిక సంఘం అయితే లెక్కలు అందరికీ కనబడేలా ఆన్‌లైన్‌లో పెట్టని స్థానిక సంస్థకు గ్రాంటే లేదంది. అదే గ్రాంటులో 2021 నుంచి 2026 మార్చి దాకా 60 శాతం మంచినీటికీ పారిశుధ్యానికీ కట్టుబడినది, వేరేదానికి వాడకూడదన్నారు. మీ పంచాయితీ ఈ-గ్రామ్ స్వరాజ్ పేజీ తెరిచి, మీ వీధి కుళాయి చూసి, రెండూ పక్కపక్కన పెట్టుకోండి. అర్థం కాని మాటలు వుంటాయి. అందుకని సంఘం గదిలో ఆదివారాలు అసరు నమాజు తరవాత మేము కూర్చుంటామని కార్యదర్శిగారికి మాట ఇచ్చాము. మా దగ్గర పాత బడ్జెటు పుస్తకాలు, ఖాళీ కాష్ బుక్కు కాగితాలు, డి.సి.బి. నమూనాలు వున్నాయి. గ్రూపు-2కి చదివేవాళ్ళు రండి, పంచాయితీ వార్డు మెంబర్లు రండి. పెన్సిలూ రబ్బరూ తెచ్చుకోండి. పెన్ను ఇప్పుడే వద్దు.

అదిగో, కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు, వంటవారు కూడా చూస్తున్నారు. సెలవు. ఖుదా హాఫిజ్.